ముందు నడిచిన గడియారం

బెర్న్ స్టేషను గడియారాలను సరిచేసేది నేనే. అయినా మా ఇంటి గోడ గడియారం ఎప్పుడూ ముందే నడిచేది. రైలు తప్పిపోకూడదని ప్రతి ఆదివారం దాన్ని సరైన టైముకు పెట్టి, ముల్లును చేత్తో కొంచెం ముందుకు తోసేవాణ్ణి. ఒక్కో వారం ఐదు నిమిషాలు, ఒక్కో వారం పది. ఎంతన్నది ఎన్నడూ కొలవలేదు.

నా భార్య ఎల్స్‌బెత్ పోయిన రోజు నేను పక్క ఊరు తూన్‌కు వెళ్ళాను. నా రైలు రెండు గంటల ఏడు నిమిషాలకు. ఇంటి గడియారాన్ని నమ్మి బయలుదేరడంతో స్టేషనుకు ముందే చేరి, కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఇంట్లో ఆమె ప్రాణం పోగానే, మా ఆచారం ప్రకారం వెరేనా వదిన కిటికీ తెరిచి, గడియారం లోలకాన్ని ఆపింది. ముళ్ళు రెండు గంటల పద్నాలుగు నిమిషాల దగ్గర నిలిచిపోయాయి.

ఐదు నిమిషాలు ముందుంటే, ఆమె పోయేసరికి రైలు కదిలిపోయింది. పది నిమిషాలైతే, నేను కప్పులో చక్కెర కలుపుకుంటున్నాను. ఇంటికి నాలుగు నిమిషాల నడక దూరంలో.

పై అంతస్తులో అద్దెకుండే లుగిన్‌బ్యూల్ మాస్టారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతారు. కాలం గురించి కొత్త సిద్ధాంతం ఒకటి వచ్చిందని ఒకసారి ఆయనే అన్నారు. వెళ్ళి అడిగాను.

"నడుస్తున్న రైలుపెట్టె నట్టనడుమ దీపం వెలిగించారనుకోండి," అన్నారాయన. "లోపలివాడికి వెలుగు రెండు చివరలకూ ఒకేసారి చేరుతుంది. ప్లాట్‌ఫారం మీదివాడికి వెనక చివరకు ముందు చేరుతుంది. ఆ చివర వెలుగుకు ఎదురు వస్తోంది కదా. వెలుగు వేగం మాత్రం ఇద్దరికీ ఒక్కటే."

"ఎవరిది తప్పు?"

"ఎవరిదీ కాదు. అందరికీ చెల్లే 'ఇప్పుడు' అంటూ లేదు. మీ ఉద్యోగానికేం ఢోకా లేదులెండి."

నేను నవ్వలేదు. "అయితే ఆ క్షణంలో నేనెక్కడున్నానో ఎవరూ తేల్చలేరన్నమాట."

అప్పటికి ఆయనకు అర్థమైంది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"మీ ఇంటి నుంచి స్టేషనుకు వెలుగు రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టకుండా చేరుతుంది. ఈ సిద్ధాంతం ఇవ్వగలిగిన సందేహం అంతే. మీకు కావలసింది నిమిషాలు."

కిందికి దిగాను. వదిన బంగాళదుంపలు చెక్కు తీస్తోంది.

"నలభై రోజులైంది. గడియారం నడిపించవా? ఊరందరికీ టైము చెప్పేవాడివి."

"ఆ రోజు అది ఎంత ముందుందో తెలీదు వదినా."

"దానికి తెలుసు," అంది తల ఎత్తకుండా.

"ఎవరికి?"

"ఎల్స్‌బెత్‌కి. గడియారంలో రెండు గంటల పది నిమిషాలు అయిందో లేదో, నిన్ను పిలిపించమంటావా అని అడిగాను. వద్దంది. 'గడియారం పది నిమిషాలు ముందుందిలే అక్కా, స్టేషన్లో కాఫీ తాగుతుంటాడు. చల్లారకముందే తాగనీ' అంది. ఆ తర్వాత మాట్లాడలేదు."

ఎప్పుడూ మంచంలోనే ఉండేది. చర్చి గంట వినిపించినప్పుడల్లా మా గడియారంతో పోల్చి చూసుకునేదన్నమాట.

అంటే ఆమె పోయేటప్పటికి నా రైలు ఇంకా కదల్లేదు. ఆ రోజు కాఫీ వేడిగానే తాగాను. లోలకం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వదిన ఇంకో దుంప అందుకుంది. నేను లోలకాన్ని కదపలేదు.