నూటికి ఆ ఇద్దరు

లెక్కల టీచరు డబ్బా నిండా ఎర్ర గోలీలు పోసి, వాటిలో రెండే రెండు నల్లవి కలిపి, పిల్లలచేత తీయిస్తూ సంభావ్యత పాఠం చెబుతోంది. నల్లది తీసినవాళ్లకి హోంవర్కు రెట్టింపు అంది. ఎంతమంది చెయ్యి పెట్టినా ఎర్రదే రావడంతో క్లాసంతా ఒకటే నవ్వులు. గంట కొట్టాక అందరూ వెళ్లిపోయారు గాని, వాగుడుకాయ అని పేరుపడ్డ పిల్ల మాత్రం బల్ల దగ్గరే నిలబడిపోయింది.

ఆ పిల్లను పెంచుతున్నది వాళ్ల అమ్మమ్మ. బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోంది. కంట్లో శుక్లం ముదిరినా ఆపరేషనంటే ససేమిరా అంటోందట. నూటికి తొంభై ఎనిమిది మందికి బాగవుతుందని డాక్టరు చెప్పాడట.

"అంటే మా అమ్మమ్మకి ఏం కాదు కదా టీచర్?"

అవతల మీటింగుకు పిలుపొచ్చింది. పైగా ఆ బెదురు మొహం చూస్తే తక్కిన ఇద్దరి మాట నోటికి రాలేదు. "ఏం కాదు. నా మాట మీద తీసుకెళ్లు" అనేసింది టీచరు.

పిల్ల పోరుపెట్టి, అలిగి, అన్నం మానేసి అమ్మమ్మను ఒప్పించింది. ఆపరేషనయ్యాక కంట్లో చీము పట్టింది. ఆ కన్ను పోయింది.

సంగతి టీచరుకు తెలిసింది. పిల్ల బడికి వస్తోంది గాని నోరు విప్పడం లేదు. టీచరు ఆ బెంచీ వైపు చూడకుండానే పాఠాలు చెప్పుకుపోయేది. డాక్టరు అన్న మాటేగా తానూ అన్నది అని సర్దిచెప్పుకునేది. డాక్టరు అన్నది అది కాదని ఆమెకూ తెలుసు.

చివరికి ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది. అమ్మమ్మ మిషను ముందు తల ఓ పక్కకు వాల్చి, మిగిలిన కంటితో కుట్టు వెతుక్కుంటోంది. ఆ కంట్లోనూ మసక. టీచరు నిలబడే తన తప్పంతా చెప్పుకుంది.

"నాకు చెబితే ఏం లాభం టీచరమ్మా? నా కన్ను తనే పీకేసినట్టు అది కుమిలిపోతోంది. దానికి చెప్పండి."

వెనక గదిలో పిల్ల గుండీలు ఏరుతోంది. టీచరు పక్కనే నేల మీద కూర్చుంది.

"ఆ ఇద్దరూ ఎవరో ముందు ఎవరికీ తెలీదమ్మా. ఆ మాట నీకు చెప్పాల్సింది. నువ్వు భయపడతావని మింగేశాను. తప్పు నాది."

పిల్ల చేతిలోని గుండీని పక్కన పెట్టింది. "రెండో కంటికీ చెయ్యాలంట. ఈసారి బాగవుతుందా?"

"చాలామందికి అవుతుంది. మీ అమ్మమ్మకి అవుతుందని మాత్రం చెప్పలేను."

ముందు గదిలో మిషను ఆగిపోయింది. అమ్మమ్మ అంతా వింది. కొన్నాళ్లు ఆలోచించుకుని, ఎవరూ బతిమాలకుండానే ఆసుపత్రికి బయల్దేరింది. టీచరు సెలవు పెట్టి తోడు వెళ్లింది.

కన్ను బాగైంది. కట్టు విప్పిన రోజు పిల్ల ఏడుస్తూ నవ్వుతూ టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోనివ్వడానికి టీచరుకు సిగ్గేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.