బొంతకాకి

బొమ్మలక్క పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆవిడ దగ్గర పనిచేసే ఇద్దరాడవాళ్లు, ఆవిడ చెవిన పడకుండా రోజూ అనుకునే మాటే ఇది. అనుకోరూ మరి? ఒకసారి నిజంగానే ఒక కుందేలుకి మూడు కాళ్లు కుట్టి, "నాలుగోదేదండీ" అని అడిగిన పెద్దమనిషిని "వెనక్కి ముడుచుకు కూర్చుందండీ, మీకు కనపడట్లేదంతే" అని దబాయించి పంపించింది. ఆయన కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, నిజమే కాబోలు అనుకుని పట్టుకుపోయాడు.

చెప్పుల కొట్టు మీద మేడలో రెండు గదులు ఆవిడ కార్ఖానా. ముందు గదిలో కత్తిరింపు బల్ల, మూడు కుట్టుమిషన్లు, వెనక గదిలో దూది మూటలు. అమ్మకానికి కుందేళ్లూ ఎలుగుబంట్లూ ఎలాగూ చేస్తుంది గానీ, ఆవిడకి పేరు తెచ్చింది ఇంటివాళ్ల కోసం అడిగి చేయించుకునే బొమ్మలు. "మా తాతయ్యని ఎలుగుబంటిలా చెయ్యండి, ఆ మీసం మాత్రం ఉండాలి" అని ఒకరొస్తారు. "మా పాప కలలోకి ఏనుగొస్తుందట, దానికి గొడుగుంటుందట" అని ఇంకొకరొస్తారు. వచ్చినవాళ్లని కుర్చీలో కూచోబెట్టి పదిహేడు ప్రశ్నలు అడుగుతుంది. ఏ రంగు, ఏ గుడ్డ, కళ్లు గుండీలా దారమా, కోపమొస్తే ఏం చేస్తుంది, ఎవరంటే భయం. అన్నీ కాగితం మీద పడ్డాకే కత్తెర తీస్తుంది. "అడక్కుండా కత్తెర పెట్టారంటే మీ వేళ్లు కత్తిరిస్తా" అని పనివాళ్లని బెదిరిస్తుంది కూడా.

అంత చెప్పే మనిషి, సొంత మేనకోడల్ని ఆ పదిహేడింట్లో ఒక్కటి సరిగ్గా అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. తొమ్మిదేళ్లు చిన్నవాడు, ఆవిడ చంకలో పెరిగినవాడు. ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసేవాడు. ఎనిమిది నెలల కింద ఒక పొద్దున డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె, అన్నారు డాక్టర్లు. ముప్ఫై నాలుగేళ్లకి గుండేమిటి అని ఆవిడ అడిగింది. 

అతనికి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరూ వసపిట్ట అనే పిలిచేవాళ్లు, నోరు తెరిస్తే మూతపడేది కాదు గనక. తండ్రి పోయిన రోజు నుంచి ఆ పిల్ల "ఆఁ", "ఊఁ", "వద్దు" తప్ప మాట్లాడలేదు. బడిలో టీచరు రెండుసార్లు కబురుపెట్టింది. డాక్టరు, కొన్నాళ్లు ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టడం బొమ్మలక్క వంటికి పడని పని. "ఆ పిల్ల నోరు తెరిపించకపోతే నేను వాడి అక్కనే కాదు" అని తమ్ముడి భార్యతో అంది. పైకి అంత ధీమాగా అంది గానీ లోపల ఆవిడకి చచ్చే భయం. తమ్ముడు ఎలాగూ పోయాడు. ఆ పిల్ల గొంతు కూడా పోతే, వాడిది అంటూ మిగిలేదేమిటి?

పిల్లకి ఎనిమిదో ఏడు నిండబోతోంది. రెండు వారాల ముందు ఒక ఆదివారం వెళ్లి పక్కన కూచుంది.

"పుట్టినరోజుకి ఏం బొమ్మ చెయ్యమంటావే?"

పిల్ల చాలాసేపు గోడకేసి చూసింది. ఊఁ అంటుందో వద్దంటుందో అని మేనత్త చూస్తోంది. ఆ రెండూ కాదు.

"బొంతకాకి."

"ఏ బొంతకాకి?"

"నాన్న బొంతకాకి."

బొమ్మలక్కకి ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది నెలల్లో పిల్ల నోట వచ్చిన పెద్ద మాట అది. ఇంకోటి అడిగితే ఉన్నది కూడా పోతుందేమోనని భయపడింది. అదొకటి, రెండోది అసలు సంగతి: అడగాల్సిన పనేముంది, తనకి తెలుసు గదా! వాళ్ల చిన్నప్పుడు వంటింటి కిటికీ దగ్గరికి రోజూ ఒక బొంతకాకి వచ్చేది. మెడ బూడిదరంగులో ఉండే మామూలు కాకి కాదు, నిలువెల్లా నలుపు, గొంతు బొంగురు, ఒక కాలు వంకర. తమ్ముడు తన పళ్లెంలోది సగం దానికే పెట్టేవాడు. ఆ కాకినే వీడు కూతురికి కథలుగా చెప్పుకున్నాడన్నమాట. అక్క చంకలో కూచుని చూసిన కాకిని. ఆ తలపుకి ఆవిడకి ఏడుపూ వచ్చింది, కాస్త గర్వమూ వచ్చింది.

పేరుకి మరదల్ని ఒక మాట అడిగింది.

"ఏదో కాకి కథ చెప్పేవారు వదినా" అంది మరదలు. "నేను పదింటికి బేకరీకి పోతే ఆరింటికి గానీ వచ్చేదాన్ని కాదు కదా. ఒంటిగంటకి దీని బడి అయిపోతే, మధ్యాహ్నమంతా తండ్రీ కూతురూ మంచమెక్కి ఒకటే గోల. నేనెప్పుడూ వినలేదు."

"నాకు తెలుసులే" అంది బొమ్మలక్క.

వెళ్లబోతూ ఆగి, "వాడిది పాతది ఏదన్నా ఉంటే ఇవ్వవే. లోపల కూరుతాను. పిల్ల కావలించుకుంటే నాన్న వాసన రావాలి" అంది.

మరదలు బీరువా తెరిచింది. చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేసింది. అడుగున అతను కప్పుకునే బొంత ఉంది. అతను ఉద్యోగంలో చేరినప్పుడు, ఐసు చలికి ఎక్కడ చచ్చిపోతాడో అని కార్ఖానాలో మిగిలిన గుడ్డముక్కలూ అతని పాత చొక్కాలూ అతికి అక్కే కుట్టిచ్చిన బొంత. అంచులు చిరిగి పీలికలైపోయాయి.

"ఇది తీసుకెళ్లు వదినా. చూస్తే కడుపు తరుక్కుపోతోంది, పారెయ్యాలంటే చేతులు రావట్లేదు" అంది మరదలు.

తను కుట్టిందే, తను కత్తిరిస్తే తప్పేముంది? ఎంత చక్కగా కలిసొచ్చిందో అనుకుంది బొమ్మలక్క. బొంతకాకి కడుపులో బొంత. తమ్ముడుంటే పడీ పడీ నవ్వేవాడు.

పాతగుడ్డ కూరేటప్పుడు ముక్కలు పెద్దవైతే బొమ్మ గడ్డలు కడుతుంది. అందుకని గోరంత ముక్కలు చెయ్యాలి, అన్నీ బాగా కలపాలి. పనివాళ్ల చేత చేయించలేదు. రెండు మధ్యాహ్నాలు తనే కూచుని, ముక్క ముక్కా కత్తిరించి, రెండు చేతులతో కలిపింది. నల్ల మఖమలు మూడుసార్లు మార్చింది. కాళ్లకి తీగ పెట్టి, ఒక కాలు వంచింది. ముక్కుకి బూటు తోలు ముక్క అడుగుదామని కింద చెప్పుల కొట్టాయన దగ్గరికి వెళ్తే, ఆయన డబ్బులు తీసుకోనన్నాడు. కళ్లు గాజువి. చివరి కుట్టు వేశాక పనివాళ్లిద్దరూ దాన్నెత్తి చూసి, మీ చేతిలో ఇంత బాగా ఏదీ కుదరలేదక్కా అన్నారు. అది ముఖస్తుతి కాదు, నిజమే.

పుట్టినరోజు మధ్యాహ్నం. కేకు మరదలు బేకరీ నుంచి తెచ్చింది. ఉన్నదల్లా ముగ్గురే. పిల్ల కాగితం విప్పి, కాకిని ఒళ్లో పెట్టుకుని, రెక్కలు లేపి చూసింది, వంకర కాలు పట్టుకు చూసింది.

"కాకి" అంది.

"బొంతకాకి" అంది మేనత్త.

"కాదత్తా. ఇది మామూలు కాకి." పిల్ల మొహంలో ఏదో కదిలింది. పెద్దవాళ్లకి ఇంత చిన్న విషయం తెలీలేదే అన్న జాలి కావచ్చు. "నీకు తెలీదా? బొంతకాకంటే బొంతే. నాన్న కప్పుకుని పడుకుంటాడు కదా, లోపల్నించి చెయ్యి ఇలా పైకి లేపుతాడు. అప్పుడు బొంత కాకైపోతుంది. మూల మీద నీలం గళ్ల ముక్క ఉంటుంది చూడు, అది దాని ముక్కు. ఇలా రెండు వేళ్లతో పట్టుకుంటే నోరు తెరుస్తుంది. ఎర్ర ముక్కలు రెక్కలు. దానికెప్పుడూ జలుబే, ఐసు ఫ్యాక్టరీలో పని కదా. తుమ్మితే ఐసుముక్కలు పడతాయి..."

చెబుతూనే ఉంది. ఎనిమిది నెలల మాటలూ ఒక్కసారే తోసుకొచ్చినట్టు, ఊపిరి తీసుకోకుండా. తల్లి చేతిలో కేకు పళ్లెం అలాగే ఉండిపోయింది. తన కూతురు గొంతు తను మళ్లీ వింటోంది, ఆనందించాల్సిన క్షణం, కానీ ఆవిడ మొహం తెల్లబోయింది. ఎందుకో ఆవిడకీ తెలుసు, వదినకీ తెలుసు.

"నువ్వు కూడా ఉన్నావత్తా కథలో" అంది పిల్ల. "అది నీ కార్ఖానాకొచ్చి గుండీలు ఎత్తుకుపోతుంది. నువ్వు పెద్ద కత్తెర పట్టుకుని దాన్ని తరుముతావు. రోజూ తరుముతావు. నీకు మాత్రం దొరకదు." అని నవ్వింది. తండ్రి నవ్వే అది, ఎడమ బుగ్గ మీద సొట్టతో సహా. తర్వాత తల్లివైపు తిరిగింది. "అమ్మా, బొంతేది? ఉతకడానికి తీశానన్నావు కదా, ఆరిపోయిందా? తీసుకురావా, అత్తకి చేసి చూపిస్తా. నాకూ వచ్చు. నాన్న నేర్పించాడు."

తల్లి వదిన వైపు చూసింది.

బొమ్మలక్కకి అబద్ధం చెప్పడం చేతకాక కాదు. మూడు కాళ్ల కుందేలుని అంటగట్టిన నోరది. లాండ్రీలో ఉంది, రేపొస్తుంది అనొచ్చు. కానీ రేపు పిల్ల గుమ్మంలో నిలబడుతుంది, ఎల్లుండీ నిలబడుతుంది. రానిదాని కోసం ఆ పిల్ల ఇప్పటికే ఒకసారి నిలబడింది. ఆ పొద్దున బస్సు వేళకి గుమ్మంలోనే ఉంది.

"దీని కడుపులో ఉందే" అంది.

"మడతపెట్టి పెట్టావా?" అంది పిల్ల ఇంకా సంబరంగానే. "అంత పెద్దది ఎలా పట్టిందత్తా?"

"మడతపెట్టలేదు తల్లీ."

పిల్లకి అర్థం కాలేదు. "విప్పు, చూస్తాను" అంది.

వద్దని తల్లి అంది. బొమ్మలక్క కూడా అనబోయింది. కానీ చేతులు చాచి కాకిని పట్టుకుని నిలబడ్డ పిల్లకి ఏమని చెప్పడం? సంచిలోంచి చిన్న కత్తెర తీసి, పొట్ట కింద ఒక్కో కుట్టూ తెంపింది. కనపడకుండా కుట్టిన కుట్లు, వెతుక్కుని మరీ తెంపాల్సి వచ్చింది. తెంపుతున్నంతసేపూ, తమ్ముడూ, నీ అక్కని ఏమన్నా అనరా అని లోపల ఏడుస్తూనే ఉంది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు, కోతైనా నయమే, అది కోతిగానైనా మిగులుతుంది.

పిల్ల కాకిని బల్ల మీద బోర్లించి దులిపింది. గోరంత ముక్కలు, వేలకొద్దీ, రంగురంగులవి, కేకు పక్కన కుప్ప పడ్డాయి.

పిల్ల ఆ కుప్పకేసి చూసింది. తర్వాత కుర్చీ ఎక్కి మోకాళ్ల మీద కూచుని వెతకడం మొదలుపెట్టింది. ఒక నీలం ముక్క తీసింది, పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. నీలంలో గళ్లవి, చుక్కలవి, ఉత్త నీలం. గళ్లవే నలభై దాకా పోగేసింది. వాటిని అంచుకి అంచు చేర్చి పేర్చబోయింది. కిటికీలోంచి గాలొచ్చి రెండుసార్లు చెదిరిపోయాయి.

"ఇందులో ముక్కు ఏదత్తా?"

బొమ్మలక్క వంగి చూసింది. ఏ ముక్క ఏ చొక్కాదో, ఆ చొక్కా వాడు ఏ రోజు వేసుకున్నాడో ఆవిడ చెప్పగలదు. కానీ ఆ మూల, రెండు వేళ్లతో పట్టుకుంటే నోరు తెరిచే ఆ మూల, ఎక్కడుందో చెప్పలేకపోయింది.

"తెలీదే" అంది. "నన్ను కొట్టవే. తిట్టు. ఏదో ఒకటి అనవే తల్లీ."

  పిల్ల, పోగేసిన నీలం ముక్కల్ని మిగిలినవాటిలో కలిపేసి, గుప్పెడు గుప్పెడు తీసి కాకి పొట్టలో తిరిగి కూరింది. కింద పడ్డవి కూడా ఏరింది. ఒక్కటీ వదల్లేదు. కూరడం అయ్యాక కాకిని మేనత్త ముందుకి జరిపింది.

"కుట్టెయ్యండి" అంది.

సంచిలోంచి సూది తీయబోయిన బొమ్మలక్క ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆవిడని ఏనాడూ మన్నించి మాట్లాడలేదు. నువ్వు, ఏయ్ అత్తా, రావే అత్తా, ఇంతే.

"అదేంటే, అత్తని అండి అంటావు కొత్తగా?" అంది తల్లి, నవ్వబోయి నవ్వలేక.

 కుట్టడం అయ్యేదాకా పిల్ల కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. అయ్యాక కాకిని రెండు చేతులతో, బడిలో టీచరు ఇచ్చే బహుమతి అందుకున్నట్టు అందుకుంది.

"చాలా బాగుందండీ" అని, దాన్ని తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది.