స్పిరిట్ వాసన

ఎనిమిదయ్యేసరికి ఆమోసు మూడో ఫోన్ తోముతున్నాడు.

పళ్ళు తోముకునే బ్రష్షునే కుచ్చు సగానికి కత్తిరించి గరుకు చేసుకున్నాడు. దాన్ని స్పిరిట్‌లో ముంచి ఫోన్‌లో వినే చోట, మాట్లాడే చోట, ఛార్జరు దూర్చే చోట రుద్దుతాడు. నల్లటి జిడ్డు ఊడివస్తుంది. చెవి గులిమి, చెమట, మొహం పౌడరు, ఒక్కోసారి ఎండిన మెతుకు. ఈ మూడోది రొయ్యల చెరువు కాపలావాడిది. ఛార్జరు దూర్చే చోట ఉప్పు పేరుకుని ఉంది. మూలన చేప పొలుసు ఒకటి ఎండి అతుక్కుపోయింది. పట్టకారుతో లాగి కిటికీలోంచి పారేశాడు. మనుషులు మొహానికి ఆనించుకుని ముద్దుచేసేది ఇంత పెంటనా అని అతనికి రోజూ అనిపిస్తుంది. పదకొండేళ్ళుగా అనిపిస్తూనే ఉంది.

గవర్నరుపేట సందులో మేడమీద షాపు. ముందు కౌంటరు, దాని వెనక ఆమోసు బల్ల, ఆ వెనక యజమాని అద్దాల గది. మెట్ల దగ్గర బోర్డు మీద ‘మీ డేటాకు మాదీ పూచీ’ అని ఎర్రటి అక్షరాలు. కింద మురుక్కాలవ.

ఆమోసుకి యాభై ఆరు. సన్నటి మనిషి. మైలవరం దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివి, మేనమామ దగ్గర రేడియోల పని నేర్చుకున్నాడు. రేడియోలు పోయాక టీవీలు, టీవీలు పోయాక ఫోన్లు. ఎడమ బొటనవేలి గోరు కాలి నల్లగా గట్టిపడింది. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఒంటి నుంచి స్పిరిట్ వాసన పోదు. గుణదల బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు తాగాడనుకుని జరుగుతారు. అతను పుట్టి చుక్క ముట్టలేదు. జరిగినందుకు అతనికి బాధ లేదు. వాళ్ళ చెమట తనకి తగలదు.

కాపలావాడి ఫోన్ పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. రాత్రి మూసే వేళకి భానుశ్రీ అనే నర్సింగ్ చదివే అమ్మాయి ఇచ్చివెళ్ళింది. ఆన్ చేస్తే కంపెనీ పేరు దగ్గరే ఆగిపోతోంది. వెనక అంటించిన స్లిప్పు మీద పేరు, దాని కింద తొమ్మిది చుక్కలు, చుక్కల్ని కలుపుతూ గీత. ఫోన్ తెరిచే గుర్తు అది. అడిగితే చాలు, అందరూ గీసి ఇచ్చేస్తారు. ఇంటి తాళంచెవి తెచ్చి ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టరు. దీన్ని పెడతారు.

రెండు బటన్లు నొక్కిపట్టి కేబుల్ గుచ్చాడు. ఏ ఫోన్‌కి కంపెనీవాడు మొదట ఏ సాఫ్ట్‌వేర్ వేసి పంపాడో అది కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని మళ్ళీ ఫోన్‌లోకి ఎక్కించడాన్నే కొట్టడం అంటారు. మోడల్ నంబరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫోన్ చచ్చి ఊరుకుంటుంది. రెండుసార్లు సరిచూశాడు. కొట్టేముందు కంప్యూటర్ ఒక మాట అడుగుతుంది. డేటా ఉంచాలా, తుడవాలా?

తుడవమన్నాడు.

నీలం గీత పన్నెండు నిమిషాలు పాకింది. ఫోన్ లేచి, ఏ భాష కావాలని అడిగింది. డబ్బాలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలా అయింది. లోపల ఎవరి చెయ్యీ పడని శుభ్రం. ఆమోసుకి ఈ లోకంలో నచ్చేది అదొక్కటే.

ఇదంతా లక్ష్మీకాంత్ పదిన్నరకి వచ్చేలోపు అయిపోవాలి.

లక్ష్మీకాంత్ షాపు యజమాని. ముప్పై ఆరేళ్ళవాడు. సెంటు కొట్టుకుంటాడు. అతని అద్దాల గది సొరుగులో నల్లటి హార్డ్‌డిస్క్ ఉంది. సాఫ్ట్‌వేర్ కొట్టేముందు ఫోన్‌లో ఉన్నదంతా అందులోకి ఎక్కించాలని అతని ఆజ్ఞ. కస్టమర్ మంచికేనని, ఫోన్ ఇచ్చేశాక చెరిపేస్తానని చెప్తాడు. ఆమోసు నమ్మాడు. రెండేళ్ళ కిందట ఒకనాటి సాయంత్రం జిగురు కోసం ఆ గదిలోకి వెళ్ళాడు. లక్ష్మీకాంత్, ఇంకో ఇద్దరు టీ తాగుతూ కంప్యూటర్ చూస్తున్నారు. తెర మీద ఒకావిడ. ఆ ఉదయమే ఫోన్ ఇస్తూ, ఫోటోలు పోవు కదా అన్నయ్యా అని ఆమోసుని అడిగిన ఆవిడ. పోవమ్మా అని చెప్పింది తనే. వాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళలో ఒకడు ఆమోసు వైపు తిరిగి టీ తాగుతావా అన్నాడు.

ఆమోసు జిగురు తీసుకుని వచ్చేశాడు.

పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడకి చెప్పలేదు. పని మానలేదు. అప్పుడు భార్య తెరేసమ్మకి వారానికి మూడుసార్లు డయాలిసిస్. పని మానితే ఆమె బతకదనుకున్నాడు. ఏడాది తిరిగేసరికి భార్య పోయింది. సాకూ ఆమెతోనే పోయింది. అయినా మానలేదు. చేసిందల్లా ఒక్కటే. షాపు తాళాలు తన దగ్గర ఉంచుకుని, రోజూ యజమాని కన్నా మూడు గంటలు ముందు వస్తున్నాడు. రాత్రి ఆడవాళ్ళు ఇచ్చివెళ్ళిన ఫోన్లు యజమాని వచ్చేలోపు తుడిచేస్తాడు. డేటా రాలేదండీ అంటాడు. పగలు వచ్చే ఫోన్ల సంగతి ఆలోచించడు. అతని ధైర్యం అంతవరకే.

తెరేసమ్మ ఫోన్ కూడా ఆమె పోయిన మూడోరోజు అలాగే తుడిచాడు. తెరవలేదు. ఆమె ఎవరితో ఏం చెప్పుకుందో తనకెందుకని, తెరవకపోవడమే మర్యాద అని అనుకున్నాడు. తర్వాత ఒకరోజు ఆమె గొంతు ఎలా ఉండేదో గుర్తుచేసుకోబోయాడు. దగ్గు ఒక్కటే గుర్తొచ్చింది.

పదకొండింటికి భానుశ్రీ వచ్చింది. ఫోన్ ఖాళీగా ఉందని చూసుకుని కౌంటరు పట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళ నోట్సు ఫోటోలు తీసి అందులో దాచుకుందట. సోమవారం నుంచి పరీక్షలట.

“మీ చేతులు పడిపోను” అంది ఆమోసుతో.

లక్ష్మీకాంత్ గదిలోంచి వచ్చి, ముసలాడికి చూపు ఆనడం లేదమ్మా, నా మొహం చూసి వదిలెయ్యి అని బతిమాలాడు. ఆమె వెళ్ళాక, ఈ నెలలో ఇది ఎన్నోదని ఆమోసుని అడిగాడు. ఆమోసు తల వంచుకుని బ్రష్షు కడుక్కున్నాడు. ఆ పిల్ల ఫోన్‌లో దాచుకోవలసింది ఏమీ లేకపోయి ఉండవచ్చు. ఉండి ఉండవచ్చు. అతను చూడలేదు. చూడకుండానే ఆమె పరీక్ష మీద నీళ్ళు పోశాడు. అది కూడా అతనికి తెలుసు.

ఒంటిగంటకి సుబ్బరత్నం అనే పెద్దావిడ మనవరాలితో వచ్చింది. కూచిపూడి దగ్గర పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. మనవరాలి పేరు చిన్ని. డిగ్రీ అయిపోయింది, వచ్చే నెలలో పెళ్ళి. ఇంట్లో ఇద్దరికీ ఒకటే ఫోన్. అదీ కంపెనీ పేరు దగ్గరే ఆగిపోయింది. పెద్దావిడ దాన్ని జేబురుమాలులో చుట్టి తెచ్చింది.

“ఇందులో మావారి గొంతుందయ్యా” అంది. “ఇంకెక్కడా లేదు.”

భర్త వెంకటసుబ్బారావు పోయిన కార్తీకంలో పోయాడు. ఆస్పత్రిలో ఇరవై మూడు రోజులు ఉన్నాడు. లోపలికి ఎవర్నీ రానివ్వకపోతే, మంచం మీద నుంచే నర్సు ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపేవాడు. మొత్తం పదకొండు. ఆవిడ రోజూ పొద్దున్నే ఒకటి వింటుంది.

పెద్దావిడ మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళింది. చిన్ని బల్ల దగ్గరికి వచ్చింది. గోళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి.

“అంకుల్, తాతయ్య వాయిస్‌లు మాత్రం ఉంచి మిగతాదంతా తీసేయడం కుదురుద్దా?”

“అంతానా?”

“అంతా. ఎవరూ చూడకుండా.”

అద్దాల తలుపు తెరుచుకుంది. లక్ష్మీకాంత్ వచ్చి, పెద్దావిడకి కుర్చీ వేసి, మీ డేటాకి నాదీ పూచీ పెద్దమ్మా అన్నాడు. స్లిప్పు మీద చుక్కలు తనే గీసి చిన్ని చేతికి పెన్ను ఇచ్చాడు. ఆమె గీత గీస్తున్నంతసేపూ ఆమెనే చూశాడు. తర్వాత ఆమోసు చెవి దగ్గర వంగాడు.

“డేటా ఉంచి కొట్టు. లేచాక నా టేబుల్ మీద పెట్టు. నేను చెక్ చేసి ఇస్తా.”

సెంటు వాసన తగలకుండా ఆమోసు వెనక్కి జరిగాడు. లక్ష్మీకాంత్ భోజనానికి దిగిపోయాడు. వెళితే గంట.

డేటా ఉంచి కొడితే లేస్తుందన్న నమ్మకం లేదు. సగం ఫోన్లు లేవవు. లేవకపోతే ఆ ముసలావిడ మొగుడు రెండోసారి పోతాడు. లేస్తే, యజమాని వచ్చేలోపు పని కావాలి. ఆమోసు రెండు బటన్లు నొక్కిపట్టి కేబుల్ గుచ్చాడు. ఉంచమన్నాడు. నీలం గీత పాకి ఆగింది. మళ్ళీ పాకింది. ఫోన్ లేచింది. తెర మీద బనీనుతో ఒక పెద్దాయన, పక్కన గేదె.

చిన్ని గీసిన గీత చూసి అలాగే వేలు తిప్పాడు. పదకొండేళ్ళలో మొదటిసారి పరాయివాళ్ళ ఫోన్ తెరిచాడు. ఎవరూ వెనక్కి తీసుకెళ్ళని మెమరీ కార్డులు సొరుగులో ఉంటాయి. ఒకటి తుడిచి ఫోన్‌లో దూర్చాడు. గొంతులున్న చోటు వెతికి పదకొండూ అందులోకి పంపాడు. ఫోటోల వైపు వేలు పోనివ్వలేదు. గొంతు సరిగా వచ్చిందో లేదో చూడాలి కాబట్టి ఒకటి నొక్కి చెవికి ఆనించుకున్నాడు.

“రత్నం, మోటారు ఆపెయ్. గట్టు తెగుద్ది. గేదెకి తవుడు తగ్గించు. నాకేం లేదు, డాక్టరు రేపు చెప్తానన్నాడు.”

వెనకాల ఏదో మిషను కూస్తోంది. ప్రేమగా ఒక్క మాట లేదు. సరిచూసుకోవడానికి ఒకసారి వింటే చాలు. ఆమోసు రెండోసారి విన్నాడు.

కార్డు బయటికి తీశాడు. మళ్ళీ కేబుల్ గుచ్చాడు. ఈసారి తుడవమన్నాడు. ఆ పన్నెండు నిమిషాలూ మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ లేచి ఏ భాష కావాలని అడిగింది. కార్డు లోపల పెట్టి, బయటంతా స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాడు. ఫోటోలు పోయాయమ్మా, గొంతులు వచ్చాయి అన్నాడు.

పెద్దావిడ మొహం మాడ్చుకుంది. గేదె దగ్గర తీసిన ఫోటో కూడా పోయిందా అని రెండుసార్లు అడిగింది. చిన్ని ఒకటి నొక్కి ఆవిడ చెవికి పెట్టింది. ఆవిడ విన్నది.

“ఇంకా మోటారు గోలే ఈయనకి” అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చిన్ని ఫోటోల చోటు తెరిచి చూసుకుంది. ఏమీ లేదు. ఆమోసు వైపు ఒకసారి చూసింది. ఆమోసు చేతులు కడుక్కోవడానికి లేచాడు.

వాళ్ళు దిగి వెళ్ళిన పావుగంటకి లక్ష్మీకాంత్ సోంపు నములుతూ వచ్చాడు. ఫోన్ ఏదన్నాడు. ఇచ్చేశానండీ, డేటా రాలేదు అన్నాడు ఆమోసు. లక్ష్మీకాంత్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ ఫోన్ ఎప్పుడు కొట్టారో, డేటా ఉంచారో తుడిచారో, లేచిందో లేదో, అన్నీ టైముతో సహా అందులో ఉంటాయి. అతను ఎప్పుడూ చూసేవాడు కాదు. ఇవాళ చూశాడు.

“రెండుసార్లు కొట్టావు.”

“అవునండీ.”

“మొదటిసారే లేచింది. మళ్ళీ ఎందుకు తుడిచావ్?”

“ఆడపిల్ల ఫోనండీ.”

పదకొండేళ్ళలో ఆ షాపులో ఆమోసు ఆడిన పెద్దమాట అదే. లక్ష్మీకాంత్ నములుతున్నది ఆపాడు. పేజీ పైకి జరిపాడు. ఇవాళ పొద్దున ఎనిమిదీ ఇరవై, తుడిచారు. నిన్న ఎనిమిదీ పది, తుడిచారు. మొన్న. అటుమొన్న. నెల మారింది, ఏడాది మారింది, ఇంకో ఏడాది కూడా మారింది. అతనికి నవ్వొచ్చింది.

“రెండేళ్ళ నుంచి తెలుసన్నమాట నీకు. తెలిసి ఇక్కడే తిన్నావ్. మరి నాకూ నీకూ తేడా ఏంటి ఆమోసూ?”

ఈ ప్రశ్న ఆమోసు రోజూ బస్సులో తనకి తాను వేసుకునేదే. అక్కడా జవాబు వచ్చేది కాదు.

“తాళాలు పెట్టి వెళ్ళు.”

తాళాలు బల్ల మీద పెట్టాడు. అద్దాల గది తలుపు తెరిచే ఉంది. సొరుగు కూడా సగం తెరిచి ఉంది. హార్డ్‌డిస్క్ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆమోసు దాన్ని చూశాడు. ఎత్తుకుపోతే దొంగతనం కేసు పెడతాడని అనుకున్నాడు. అలా అనుకున్నందుకు అసహ్యం వేసింది. ఇన్నాళ్ళూ జిడ్డు మీదా చెవి గులిమి మీదా చూపించిన అసహ్యం ఎవరి మీదదో అప్పుడు తెలిసింది. తెలిసినా చెయ్యి చాపలేదు. సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, అన్నం డబ్బా తీసుకుని బయటికి వచ్చాడు.

మెట్ల మీద ఒకావిడ ఎదురైంది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన ఆఫీసు బ్యాగు, చేతిలో ఫోన్. సాఫ్ట్‌వేర్ కొట్టేది ఇక్కడేనా అని అడిగింది.

ఆమోసు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఇక్కడ ఇవ్వకండమ్మా. తీసుకెళ్ళిపోండి.”

“ఏం?”

“లోపల ఉన్నవన్నీ చూస్తారు.”

ఇంకా చెప్పాలని ఒక మెట్టు దిగి దగ్గరికి వచ్చాడు. ఆవిడకి వాసన తగిలింది. చెంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“పట్టపగలే మొదలెట్టారా” అని, అతను తగలకుండా గోడకి ఒదిగి పైకి వెళ్ళిపోయింది.

పైనుంచి లక్ష్మీకాంత్ గొంతు, రండి మేడం అంటూ వినిపించింది. ఆమోసు వెనక్కి తిరిగి రెండు మెట్లు ఎక్కాడు. మూడోది ఎక్కలేదు. దిగి, గుణదల బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయాడు. మర్నాడు అతను రాలేదని ఎవరూ అడగలేదు.

అతను వెళ్ళిపోయిన రాత్రి షాపు మూసేవేళకి బల్ల మీద, కుచ్చు కత్తిరించిన బ్రష్షు పక్కన, మెట్ల మీద ఎదురైన ఆవిడ ఫోన్ బోర్లా పెట్టి ఉంది. వెనక అంటించిన స్లిప్పు మీద తొమ్మిది చుక్కలు, వాటిని కలుపుతూ ఆవిడ శ్రద్ధగా గీసిన గీత.