రెండొందల పన్నెండో అతుకు

మా బాబాయిని సైటులో అందరూ తుమ్మజిగురు అంటారు, ఆయన అతికించింది ఊడదని. నాకు వెల్డింగ్ నేర్పింది ఆయనే, తిట్లు నేర్పిందీ ఆయనే. ఇప్పుడు ఆయన వేసిన అతుకులను పరీక్షించి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఏరి కోరి తెచ్చుకున్న తలనొప్పి.

మన నేలలో దొరికిన గ్యాసును మన ఎరువుల కర్మాగారానికి చేర్చే మొదటి పైపులైను అది. ఎల్లుండి గ్యాసు వదలాలి. మిగిలింది నా సంతకమే. కంటైనర్ గదిలో దీపం ముందు అతుకులకు తీసిన ఎక్స్‌రే ఫిల్ములు ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాను. రెండొందల పదకొండులో ఒక మూల చిన్న చుక్క. అది తప్పేమీ కాదు. రెండొందల పన్నెండులోనూ అదే చుక్క, అదే చోట, అదే వంకరతో. కవలలకైనా పుట్టుమచ్చలు అలా కలవవు.

ఫిల్ములు తీసే అతన్ని పిలిచాను. రెండో ప్రశ్నకే కక్కేశాడు.

"వెల్డింగ్ అయిన సాయంత్రమే వాన మేడం. ఆ అతుకున్న గోతిలో నడుముల్లోతు నీళ్లు. మట్టి కప్పేయాలని తొందరపెట్టారు. పక్క అతుకుకే రెండు ఫిల్ములు తీసి ఒకదానికి నంబరు మార్చాను. వేసింది తుమ్మజిగురు గారు కదా, ఏమవుతుందిలే అనుకున్నా."

ఒళ్లు మండిపోయింది. తవ్వమన్నాను.

ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. "పైపు నిండా నీళ్లు ఒత్తిపెట్టి పరీక్షిస్తే తట్టుకుంది కదమ్మా! ఎల్లుండి పెద్దలొస్తున్నారు. నా పరువు తీస్తావా?"

"నీళ్లు ఒక్కరోజు ఉన్నాయి సార్. గ్యాసు ముప్ఫై ఏళ్లు ఉండాలి. ఆ అతుకు బడి గోడ పక్కనే ఉంది. తవ్వకపోతే సంతకం పెట్టను."

ఆయన వెనకే బాబాయి వచ్చాడు. "నా చేతి మీద నీకు నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది బాబాయ్. ఫిల్మే లేదు."

ఆయన మొహం తిప్పుకున్నాడు. అయినా పలుగులు పట్టినవాళ్లను ఆపలేదు.

మర్నాడు మధ్యాహ్నం కొత్త ఫిల్మును తడి ఆరకుండానే దీపానికి పెట్టాను. అతుకు మధ్యలో జానెడు పొడవున సన్నటి నల్లగీత. లోపల ఇనుము కరగలేదు, కలవలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

బాబాయి మొహం దగ్గరగా పెట్టి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు.

"ఎక్కడే గీత?"

వేలు పెట్టి చూపించాను. అప్పటికీ ఆయనకు కనబడలేదు.

ఆయన కళ్లు నులుముకున్నాడు. తర్వాత గుమ్మంలో ఉన్న ఇంజనీరు వైపు తిరిగాడు.

"వానలు మొదలైనప్పట్నుంచీ చూపు మసకగానే ఉంది సార్. పొగ వల్లేనని సర్దిచెప్పుకున్నా. నా పేరు చూసి ఆ ఫిల్ములు తీసే అతను ఇంకెన్ని వదిలేశాడో! అప్పట్నుంచి నేను వేసినవన్నీ తవ్వించండి. అరవై మూడు."

"మరి రేపు..." ఇంజనీరు నసిగాడు.

"పదేళ్లుగా ఆ గ్యాసును బావి దగ్గర ఊరికే మండిస్తున్నాం కదా సార్. ఇంకో నెల అక్కడే మండనివ్వండి. బడి పక్కన మండకూడదు."

నేను కాగితం తీసుకున్నాను. బాబాయి నంబర్లు చెబుతుంటే రాసుకుంటూ పోయాను. అరవై మూడూ ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు.