పాదరసం జంట

జవాబు పత్రం మీద ఎర్ర సిరాతో రాసిన ఏడు అంకె చూసేసరికి ల్యాబ్ అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదికి ఏడు. ఎనిమిదొస్తే ఆమె అటెండర్ నుంచి ల్యాబ్ అసిస్టెంట్ అవుతుంది. రాకపోతే ఇక ఎప్పటికీ కాదు, ఎందుకంటే వచ్చే ఏడాదికి ఆ పరీక్ష రాసే వయసు దాటిపోతుంది.

ఆ కాలేజీలో పిల్లల దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ ఆమె ల్యాబ్ అక్కే. ఇరవై రెండేళ్లుగా బ్యూరెట్లు కడిగింది, ద్రావణాలు కలిపింది, సీసాలకు చీటీలు రాసి అంటించింది. చేసేదంతా అసిస్టెంటు చాకిరీ, హోదా మాత్రం అటెండర్. ప్రాక్టికల్ మధ్యలో కావలసిన సీసా కనబడక కెమిస్ట్రీ లెక్చరర్ బిక్కమొహం వేసినప్పుడల్లా ఆయన పరువు నిలబెట్టింది ఈమే. ఇప్పుడు ఈమె పేపరు దిద్దిందీ ఆ మహానుభావుడే.

రసాయనాల ఫార్ములాలు రాసే ఆ పరీక్ష కోసం మూడు నెలలు వంటింట్లో చదివింది. పాఠం చెప్పింది కూతురు.

“ప్లస్ అయాన్ ముందు, మైనస్ అయాన్ తర్వాత. దేని విద్యుదావేశం ఎంతో దాని నెత్తి మీద రాసుకో. దీని అంకె దాని కిందికి, దాని అంకె దీని కిందికి దించు. రెండూ ఒకటే అయితే కొట్టెయ్. అంతేనమ్మా.”

“మరి మెర్క్యురస్ క్లోరైడ్ సీసా మీద రెండు రెళ్లున్నాయేమే? ఇన్నేళ్లుగా ఆ చీటీ రాస్తున్నది నేనేగా. వాటినెందుకు కొట్టెయ్యలేదు?”

ఆ సంగతి కూతురికీ తెలియదు. లైబ్రరీకి వెళ్లి చూసొచ్చి మర్నాడు చెప్పింది. “అందులో పాదరసం ఒంటరిగా ఉండదట. రెండు పరమాణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకే అయాన్‌లా ఉంటాయి. ఆ జంటకంతటికీ కలిపి ఆవేశం రెండు. అందుకే రెండు క్లోరైడ్లు కావాలి. Hg₂Cl₂. రెళ్లు కొట్టేస్తే జంటను విడదీసినట్టే.”

“విడదియ్యడానికి మనమెవరం” అంది తల్లి. ఆ ఫార్ములా ఇక చచ్చినా మరిచిపోలేదు.

అందుకే పేపరు చూసి అంత మండింది. తప్పు పట్టినవి మూడు. అల్యూమినియం సల్ఫేట్‌కు బ్రాకెట్ పెట్టడం మరిచిపోయింది, అమ్మోనియం ఫాస్ఫేట్‌లో మూడు రాయాల్సిన చోట రెండు రాసింది. ఆ రెండూ తన తప్పులే, కిక్కురుమనకుండా ఒప్పుకుంది. మూడోది మాత్రం Hg₂Cl₂. లెక్చరర్ దాని రెళ్లు రెండూ కొట్టేసి, పక్కన HgCl అని రాసి, ‘సూక్ష్మీకరించలేదు’ అని వ్యాఖ్య కూడా తగిలించాడు.

పేపరు పట్టుకుని తిన్నగా స్టాఫ్ రూముకి వెళ్లింది. ఆయన టీ తాగుతున్నాడు.

“ఇది తప్పు కాదు సార్.”

ఆయన పేపరు వైపు చూడనైనా లేదు. “పదిహేనేళ్లుగా చెబుతున్నాను. రాసుకో, మార్చుకో, కొట్టేసుకో. నువ్వు కొట్టెయ్యలేదు. సీసాలు కడిగినంత తేలిక కాదమ్మా ఇది. నాలుగింటికి మార్కుల జాబితా ఆఫీసుకు పంపించాలి, వెళ్లు.”

ఆ మాటకు ఆమెకు కళ్లనీళ్ల పర్యంతమైంది. అవమానానికి కాదు, కోపానికి. మనిషి చెప్పేది చెవిన వేసుకోనివాడికి లెక్చరర్ పదవి ఎందుకు, చెవులెందుకు?

ల్యాబ్‌కి వచ్చింది. మెర్క్యురస్ క్లోరైడ్ సీసా దించింది. చీటీ ఎలాగూ మాసిపోయింది. కొత్త చీటీ తీసుకుని అచ్చం ఆయన దిద్దినట్టే HgCl అని గుండ్రంగా రాసింది. కింద గీత గీసి ఖాళీ వదిలింది. ఏ చీటీ అయినా లెక్చరర్ సంతకం లేకుండా సీసా ఎక్కకూడదని ఆ ల్యాబ్‌లో కట్టుబాటు. రేపు దాని మూలంగా ఏం జరిగినా సంతకం పెట్టినవాడిదే పూచీ.

పేపరు చేత్తో పట్టుకునే వెళ్లి చీటీ ఆయన ముందు పెట్టింది. “సంతకం పెట్టండి సార్.”

ఆయన అలవాటుగా పెన్ను తీశాడు. గీత దాకా వెళ్లి పెన్ను ఆగింది. “ఇదేమిటి?”

“మీరు దిద్దిన ఫార్ములానే.”

ఆయన చీటీ చూశాడు, ఆమెను చూశాడు. లేచి బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. ఆమె మార్కు కొట్టేసేటప్పుడు కదలని పుస్తకం, తన సంతకం అనేసరికి కిందికి దిగింది. అది చూసి ఆమెకు ఒళ్లు ఇంకా భగ్గుమంది. పేజీలు తిరిగాయి, ఒక చోట ఆగాయి. అక్కడ ఉన్నది Hg₂Cl₂.

“సరేలే” అన్నాడు పుస్తకం మూసేసి. “ఇన్నేళ్ల సర్వీసు కదా, నీ కష్టం నాకు తెలియనిది కాదు.” పేపరు లాక్కుని ఏడును కొట్టేసి ఎనిమిది చేశాడు. పక్కన ‘దయతో ఒక మార్కు’ అని రాశాడు. “ఇక సంతోషమేనా?”

ఎనిమిది. మూడు నెలలుగా ఆమె కలలో కనిపించిన అంకె అదే. తీసుకుని వెళ్లిపోతే సరిపోయేది. ఆమె చెయ్యి చాచింది కూడా. ఆ పక్కనున్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

“దయ నాకొద్దు సార్. ఆ మాట కొట్టేసి, జవాబు రైటేనని రాయండి.”

“మార్కు వచ్చింది కదమ్మా. ఎలా వస్తేనేం?”

“రేపు అసిస్టెంట్ కుర్చీలో కూర్చున్న ప్రతిరోజూ ఇది మీరు పెట్టిన భిక్ష అంటారు. అలా రాసేదైతే ఏడే ఉంచండి. నేను వెళ్లి నా సీసాలు కడుక్కుంటాను.”

ఆమె చూపు తిప్పుకోలేదు. గోడ గడియారంలో నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. ఆయన గడియారం చూసి పెన్ను అందుకున్నాడు. చివరికి ‘దయతో’ అన్న మాట మీద అడ్డంగా గీత గీశాడు. కింద చిన్న అక్షరాలతో ‘జవాబు సరైనదే, దిద్దడంలో నాదే పొరపాటు’ అని రాశాడు.

ల్యాబ్ అక్క పేపరు తీసుకుని రెండుసార్లు చదువుకుంది. మళ్లీ ఆయన ముందే పెట్టింది.

“సంతకం, తేదీ కూడా వెయ్యండి సార్.”