చేదుగా వండాలనుకున్న రోజు

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. మోటార్లు బాగుచేసే పనికి సెలవు పెట్టిన నాన్న, తప్పిన పదో తరగతి పరీక్ష మళ్ళీ రాయడానికి చదువుతున్నానంటూ మంచం మీద పడుకున్న అన్నయ్య, కిటికీ పక్కన కుర్చీలో నాన్నమ్మ, ముందుగదిలో ఫ్యాను కింద హోటల్ అత్తయ్య, వంటింట్లో అమ్మ, అమ్మ వెనక నేను. ఎప్పుడు లెక్కపెట్టినా నన్ను నేను చివర్లోనే వేసుకుంటాను. అమ్మ తనను అసలు లెక్కలోనే వేసుకోదు. ఎంతమందికి వండాలని ఆ పొద్దున నేను అడిగితే ఐదుగురికి అంది. మిగిలితే తను తింటుంది.

హోటల్ అత్తయ్య నాన్నకు అక్క. పట్నంలో బస్టాండు పక్కన ఆమెకు హోటలుంది. ఆమె వస్తే ఇంట్లో అందరూ కొంచెం గట్టిగా నవ్వుతారు. ఆ రోజు ఆమె వచ్చింది మమ్మల్ని చూడటానికి కాదు, నా వంట చూడటానికి.

దీనికంతటికీ మొదలు ఒక ఆకు. పోయిన చలికాలం సైన్సు టీచరమ్మ తరగతిలో అందరికీ చిటికెడు చిటికెడు విత్తనాలు పొట్లం కట్టి ఇచ్చింది. తూర్పు ఆసియా దేశాల్లో పెంచే లెట్యూస్ అనే ఆకుకూరలో ఒక రకమని, పచ్చిగా కాదు వండుకుని తింటారని చెప్పింది. గింజలు జీలకర్ర కన్నా సన్నగా, నల్లగా ఉన్నాయి. పిల్లలందరూ వేలెడు లోతున పాతిపెట్టారు. మా ఊళ్ళో ఏ గింజనైనా అలాగే పాతుతారు. ఒక్కరికీ మొలవలేదు. పొట్లం మీద టీచరమ్మ పెన్సిలుతో 'దీనికి వెలుతురు తగలాలి' అని రాసింది. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను కాబట్టి నాకు దొరికిన ప్రతి కాగితం చదవడం అలవాటు. తడిపిన మట్టి మీద గింజలు చల్లి, పైన ఏమీ కప్పకుండా వదిలేశాను. నాలుగో రోజుకి వంటింటి వెనక నేలంతా పచ్చగా అయింది.

ఆకులు మూరెడు పొడుగు, సన్నగా, కొసకి మొనదేలి ఉంటాయి. నాన్నమ్మ చూసి, "ఇదేం ఆకే, కత్తిలా ఉంది," అంది. అప్పటినుంచి మా ఇంట్లో అది కత్తాకు. తుంచితే తెల్లటి పాలు కారతాయి, ఆ పాలు వేళ్ళకు అంటితే కాసేపటికి గోధుమరంగు మరకవుతుంది. దాన్ని వండటం ఎలాగో నేను రెండు మూడుసార్లు చెడగొట్టి నేర్చుకున్నాను. మూకుడు బాగా కాలాలి. నూనెలో వెల్లుల్లి, ఆ తర్వాత కాడలు, ఆ తర్వాత ఆకులు, ఇరవై లెక్కపెట్టేలోగా దించెయ్యాలి. ఉప్పు దించేముందే. ముందే వేస్తే నీళ్ళు వదిలి చెరువైపోతుంది. ఇంకొకటి, మొక్క పూతకొచ్చి నిలువునా కాండం వేసిందంటే దాని ఆకు చేదెక్కుతుంది. గోడ పక్కన నాలుగు మొక్కల్ని అలా వదిలేశాను. బడి తెరిచాక విత్తనం తెచ్చివ్వమని టీచరమ్మ నన్నొక్కదాన్నే అడిగింది.

పోయిన నెల అత్తయ్య వచ్చి ఆ కూర తింది. తిని, "ఎవరు చేశారిది?" అంది. మా ఇంట్లో అన్నం తింటూ ఎవరైనా ఆ మాట అడగడం నేను వినడం అదే మొదటిసారి. నేను గోడకేసి చూస్తూ, "నేనే," అన్నాను. ఆ రోజు నా డైరీలో 'అత్తయ్య నన్ను మెచ్చుకుంది' అని రాసి కింద గీత కూడా గీశాను. ఇప్పుడు ఆ పేజీ చింపెయ్యాలనిపిస్తుంది. వెనక పేజీలో బీజగణితం చేసుకున్నాను, అది పోతుందని ఊరుకున్నాను.

వారం తిరక్కుండా అత్తయ్య ఫోను చేసింది. నాన్న చెప్పులు విప్పుతూనే నాకు చెప్పాడు. "అత్తయ్య నిన్ను తీసుకెళ్తానంటోంది. హోటలు వెనక జాగా ఉందట. ఈ ఆకు పెంచి, వండిపెడితే చాలు. తిండీ బట్టా తనే చూసుకుంటుంది."

"బడి?" అన్నాను.

"ప్రైవేటుగా కట్టొచ్చులే. పరీక్ష ఎక్కడ రాస్తే ఏంటి."

అన్నయ్య పదో తరగతి తప్పినప్పుడు వాణ్ణి ఎవరూ హోటల్లో గిన్నెలు కడగమనలేదు. వాడికి టేబుల్ ల్యాంపు కొన్నారు. నేను తొమ్మిదిలో తరగతికే ఫస్టు వచ్చాను. పదో తరగతి పుస్తకాలు సెలవుల్లోనే తెచ్చుకుని అట్టలు వేసి పెట్టుకున్నాను. ఇవన్నీ నాన్నకు చెప్పాలని ఆ రాత్రే డైరీలో వరసగా రాసుకున్నాను కూడా. కానీ నాకు మనుషుల ముందు గొంతు రాదు. తరగతిలో జవాబు తెలిసినా నా పక్కనమ్మాయి చెవిలో చెబితే ఆమె లేచి చెబుతుంది.

నా వంట చూడటానికి వచ్చిన రోజు అత్తయ్య కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి ఉన్నమాట చెప్పేసింది. "ఒకసారి కుదరడం వేరు, చెయ్యి తిరగడం వేరు. ఇవాళ కూడా అదే రుచి వచ్చిందా, పొద్దున్నే బస్సుకి నాతో తీసుకెళ్ళిపోతా. రాలేదా, మన పిల్లే అయినా మొహమాటం లేదు తమ్ముడూ. దండగ మనిషిని నేనేం చేసుకోను."

"వస్తుందిలేవే," అంది నాన్నమ్మ. "ఇది వాళ్ళమ్మలా కాదు. వాళ్ళమ్మ వచ్చిన కొత్తలో కూర మాడిస్తే ఆ గిన్నెకి మసి ఇంకా వదల్లేదు."

అందరూ నవ్వారు. ఇంటికి ఎవరొచ్చినా నాన్నమ్మ ఆ మాట చెబుతుంది. వంటింట్లోంచి అమ్మ కూడా సమయానికి నవ్వుతుంది.

నాకు అప్పుడే తోచింది. వెళ్ళనని చెప్పడం నాకు రాదు, చేదుగా వండటం వచ్చు. కత్తిపీట పక్కనబెట్టి గోడ దగ్గరికి వెళ్ళాను. నా నడుమెత్తు పెరిగిన ఆ నాలుగు మొక్కల ఆకులూ కాండం విరగకుండా దూసుకొచ్చాను. పాలు మణికట్టు దాకా కారాయి. ఆకులు మూకుట్లో వేస్తూనే గుప్పెడు ఉప్పు వేశాను, మూత పెట్టాను. లోపల అది ఉడికి నల్లబడుతుంటే పొయ్యి ముందు నిలబడి చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. రేపు ఈపాటికి అత్తయ్య బస్సులో ఒక్కతే ఉంటుంది. నేను ఇక్కడ ఈ వంటింటి గట్టు మీద కూర్చుని మొదటి పాఠం చదువుకుంటూ ఉంటాను.

అమ్మ బట్టలు ఆరేసి వచ్చింది. మూత తీసి, కొంచెం నాలుక మీద వేసుకుంది. తర్వాత కూర సంగతి వదిలేసి నా వేళ్ళు చూసింది.

"గోడ దగ్గరివి కోశావా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"తెలియక కోశానని మాత్రం చెప్పకు."

"నేను వెళ్ళనమ్మా," అన్నాను. "చేదుగా ఉంటే వదిలేసి పోతుంది. నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు. ఊరికే పట్టుకెళ్ళి వడ్డించు చాలు. నేను బడికెళ్తాను."

ఏడాది మొత్తం మీద నేను అమ్మతో అన్ని మాటలు మాట్లాడలేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె ఆ మూకుడు ఎత్తి ముందుగదిలోకి తీసుకెళ్తుందనే అనుకున్నాను.

"ఏమ్మాయ్, ఇంకా వాసన రావట్లేదేంటి?" అని ముందుగదిలోంచి అత్తయ్య కేకేసింది.

"ఐదు నిమిషాలు వదినా," అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించి, నా వైపు చూడకుండా అంది. "చేదుగా ఉంటే నిన్నేమీ అనరు. తల్లి ఏం నేర్పిందంటారు. ఒక్క గిన్నె మాడింది, పద్దెనిమిదేళ్ళయింది. ఇంకొకటి నా వల్ల కాదు."

నేను వండింది తీసుకెళ్ళి కోళ్ళకు పారబోసింది. లేత మొక్కలు కోసుకొచ్చింది. మూకుడు కాల్చింది. వెల్లుల్లి, కాడలు, ఆకులు. కలుపుతుంటే ఆమె పెదాలు కదలడం చూశాను. ఇరవై లెక్కపెడుతోంది. నేనెప్పుడూ ఆమెకు నేర్పలేదు. ఇన్ని నెలలూ ఆమె నా వెనక నిలబడి చూస్తోందని కూడా నాకు తెలియదు.

అత్తయ్య మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకుంది. "చెయ్యి తిరిగిందిరా తమ్ముడూ."

"మా అమ్మాయి కదా," అన్నాడు నాన్న.

"కోడలికి రానిది మనవరాలికి వచ్చింది," అంది నాన్నమ్మ.

అన్నయ్య ఇంకొంచెం వెయ్యమని కంచం చాపాడు. అమ్మ వేసింది. అప్పుడు నేను వంటింటి గుమ్మంలోకి వచ్చాను. ఈసారి గొంతు వచ్చింది.

"అది నేను చెయ్యలేదు. అమ్మ చేసింది."

అత్తయ్య నవ్వింది. "అయితే మీ అమ్మను తీసుకుపోనా? మీ నాన్నకు అన్నం ఎవరు పెడతారే?"

నాన్న నవ్వలేదు. "నువ్వు చేశావా?" అని అమ్మని అడిగాడు. అత్తయ్య కూడా తినడం ఆపింది. నాన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని అమ్మ వైపు తిరిగింది. ఈ ఇంట్లో ఇంతమంది ఒకేసారి అమ్మ ముఖం చూడటం నేనెరగను. అవునంటే చాలు, ఆ గిన్నె మసి వదిలిపోతుంది. నేను బడికెళ్తాను. కానీ అవునంటే, పారబోసిన దాని సంగతి కూడా చెప్పాలి.

"నేనెక్కడ," అంది అమ్మ. "అదే చేసింది. నలుగురిలో పొగిడితే దానికి సిగ్గు."

వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు ఆవిరికి ఉబ్బి ఏళ్ళయింది. రెండు చేతులతో పైకెత్తితే గానీ పడదని ఎవరూ దాన్ని వెయ్యరు. అమ్మ గిన్నె కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చి, అరచేత్తో భుజం మీద మెల్లగా ఒక అడుగు లోపలికి నెట్టింది. తర్వాత రెండు చేతులతో ఆ తలుపు ఎత్తి, నా ముఖం మీద వేసింది.