కోత పండుగ బుట్టలో తెల్లవ్వ

నవంబరు ఎండలో బొచ్చు ఎగురుతూ ఉండేది. తెల్లది, పలచనిది, దూదిలాంటిది. గోడ అవతల పక్కింటి ఆర్థర్ కుక్కల షెడ్డులోంచి లేచి, గోడ దాటి, జ్ఞానమణి ఆరేసిన చీరల మీద, కరివేపాకు చెట్టు మీద, టీ మీగడ మీద మెల్లగా వాలేది. మిషను స్కూల్లో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి వరండాలో కుర్చీలో కన్ను మూస్తే చాలు, ఆమె కలలో బొల్లారమంతా ఆ తెలుపులో మునిగిపోయేది. బజారు, రైలు గేటు, చర్చి గంట, అన్నీ మెత్తగా, చప్పుడు లేకుండా. ఆ తెలుపులోంచి ఏదో ఆమె వైపు నడిచి రావాలని చూసేది. కాళ్ళు సాగేవి కావు. మెలకువ వచ్చేసరికి గోడవతల గొంతు. మొరుగు కాదు అది. మొరిగి మొరిగి అరిగిపోయి దగ్గుగా మారిన గొంతు.

అది తెల్లవ్వ గొంతు. ఆ పేరు పెట్టింది షెడ్డు కడిగే లచ్చమ్మ. ఆర్థర్ తన కుక్కలకు పేర్లు పెట్టడు. అమ్మే పిల్లలకు కొన్నవాళ్ళు పెట్టుకుంటారు, ఈనే తల్లులకు పేరెందుకు అంటాడు.

అప్పట్లో సికింద్రాబాదులో కాస్త జీతం పెరిగిన ప్రతి ఇంటికీ ఒక పామరేనియన్ కుక్కపిల్ల కావాలి. పిల్ల ముద్దుగా ఉంటే చాలు, దాని తల్లి ఎక్కడుందని ఒక్కడూ అడగడు. ఆర్థర్ ఆఫీసులో గుమాస్తా, చర్చి కమిటీకి సెక్రటరీ, ఆదివారం పాటల్లో మంచి గొంతు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో జాలీ బోనులు. బోనులో కుక్క పడుకోవచ్చు, లేవచ్చు. తిరగడానికి లేదు.

"ఎదకొస్తే చాలు, దాటిస్తడు," అంది లచ్చమ్మ ఒకనాడు, గోడ మీద మోచేతులాన్చి. "పాలు ఆరక ముందే మల్ల కడుపు. తెల్లవ్వ అంటున్నగని ముసల్ది కాదు టీచరమ్మ. ఆరేండ్లు లేవు దానికి."

జ్ఞానమణి పోలీసు స్టేషనుకి వెళ్ళింది. బల్ల వెనక కానిస్టేబులు చాయ్ తాగుతూ ఓపిగ్గానే విన్నాడు.

"కొట్టిండా?"

"లేదు."

"తిండి పెడ్తలేడా?"

"పెడతాడు. పెట్టకపోతే పిల్లలెక్కడివి? ఒళ్ళు హూనమయ్యేదాకా ఈనిస్తున్నాడు బాబూ."

"ఎన్నిసార్లు ఈనాలె అని చట్టంల లేదు గదమ్మా."

"కదలడానికి చోటు లేని బోనులో పెట్టడం నేరమని ఉంది. అరవైలో వచ్చిన చట్టమే, నేను చదివాను."

"ఉంటది. మొదటిసారికి యాభై రూపాయలు జుర్మానా. కట్టి, నవ్వుకుంట ఇంటికి వోతడు. సరే, రాస్కుంట. సాక్షి ఎవరు? షెడ్డుల జూసినోళ్ళు ఎవరన్న దస్కతు పెడ్తరా?"

ఎవరూ పెట్టలేదు. లచ్చమ్మ పెడితే కూలి పోతుంది. చర్చివాళ్ళనడిగితే, సాటి విశ్వాసిని స్టేషనుకి ఈడుస్తావా అన్నారు. ఆ కుక్క నోరు లేని జీవమని వాళ్ళకు తెలుసు. నోరున్న తాము మాత్రం మాట్లాడరు. కాగితం అలాగే పడి ఉంది.

సంగతి ఆర్థర్ చెవిన పడనే పడింది. గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"జ్ఞానమణక్కా, నా మీద కంప్లయింటు రాశావంట."

"రాశాను. ఆ తెల్లదాన్ని నాకిచ్చెయ్యి తమ్ముడూ. ఈ ఈత అయ్యాక నీకింక పనికి రాదుగా."

"నీకా? ఇస్తే రేపు దాన్ని తీసుకెళ్ళి జడ్జి ముందు నిలబెడతావు. ఇంకెవరడిగినా ఇస్తానేమో గానీ నీకివ్వను."

అబద్ధం చెప్పడం రాదు కనక ఆమె కాదనలేదు.

తెల్లవ్వ ఈనింది. నాలుగు పిల్లలు. ఒకటి మరీ బక్కది. లచ్చమ్మ ఆ వారమే గొంతు తగ్గించి చెప్పింది: "గిదే ఆఖరు ఈత. పిల్లలు పాలిడువంగనే దీన్ని సుత యాప్రాల్ గుట్టలల్ల ఇడ్సిపెట్టిస్తడు. పోయినేడు ఒకదాన్ని గట్లనే జేసిండు. నడ్వనీకి రాదు దానికి, జాలీ మీదనే పెరిగింది. గుట్టలల్ల ఏం జేస్తది?"

ఆ మధ్యాహ్నం కలలో తెలుపు ఇంకా దట్టంగా వచ్చింది. రాళ్ళగుట్టలు పాలల్లో తేలుతున్నాయి. జ్ఞానమణి తెల్లవ్వా అని పిలుస్తోంది, తన గొంతు తనకే వినబడలేదు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. బొల్లారంలో ఎవరికి పొలముంది గనక కోత? అయినా కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఆ పండుగను వదల్లేదు. చేను లేనివాడు తన చేతి సంపాదనలోంచే తొలిఫలం తెస్తాడు. అరటి గెలలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కుట్టుపని చేసేవాళ్ళు కొత్త జాకెట్లు. అన్నీ బలిపీఠం ముందు పెడతారు. చర్చి అయ్యగారు చేతులు చాపి ప్రార్థన చేస్తారు. ఆ తరవాత ఆవరణలో వేలంపాట. ప్రార్థన అయ్యాక ఇచ్చినవాడికి దాని మీద హక్కు లేదు, పాట కూడా పాడకూడదు. ఆర్థర్ ఏటా ఒక పిల్లను తెస్తాడు. చర్చి మొత్తం దాన్ని ముద్దాడి, హెచ్చు పాట పాడి కొనుక్కుంటుంది. షెడ్డులో సొమ్ముకు అలా ఏటా పవిత్ర ముద్ర పడుతుంది.

ఈసారి ఈత ఆలస్యమైంది. అర్పించే పిల్ల ఇంకా పాలు మానలేదు. ప్రసంగం మధ్యలో కుయ్ కుయ్ మంటే పరువు పోతుందని ఆర్థర్ భార్య ప్రేమమణి బుట్టలో తల్లిని కూడా పెట్టింది. పైన లేసు గుడ్డ కప్పింది. పిల్ల తల్లిని కరుచుకుని పడుకుంది, చప్పుడు లేదు.

ఆడవాళ్ళ బెంచీలో కూర్చున్న జ్ఞానమణికి బుట్ట కనబడింది. కిటికీ అద్దాల్లోంచి పసుపు, నీలం వెలుగు గచ్చు మీద నీళ్ళలా కదులుతోంది. గుమ్మడికాయలు తేలుతున్నట్టున్నాయి. ఆర్గను గాలి లేసు గుడ్డ అంచును తడితే, దాని కింద నల్లని ముక్కు ఒకటి బయటికొచ్చి, వాసన చూసి, మళ్ళీ లోపలికి పోయింది. నిద్రో మెలకువో ఆమెకు తెలియలేదు. దేవసహాయం అయ్యగారు చేతులు చాపారు. "ఈ బుట్టలలో ఉన్న సమస్తమును నీకే అర్పించుకొనుచున్నాము." ఆమేన్ అని అందరూ అన్నారు. ఆర్థర్ గొంతు అందరికన్నా గట్టిగా వినబడింది.

ఆవరణలో నోవహు వేలం మొదలుపెట్టాడు. ఏటా పాట పాడించేది ఆయనే, హాస్యగాడు. కోడిని పట్టుకుని, "ఇది ప్రార్థన విన్న కోడి, పులుసు పెడితే పాపం పోతుంది," అన్నాడు. నవ్వారు. బుట్ట వంతు వచ్చింది. ఆర్థర్ ముందుకొచ్చి, గుడ్డ కొంచెం ఎత్తి, పిల్లను తీసి నోవహు చేతిలో పెట్టి, బుట్ట మూసి చంకనెత్తుకున్నాడు.

"అయ్యగారూ," అంది జ్ఞానమణి. ఈసారి తన గొంతు తనకు వినబడింది. "ప్రార్థన పిల్ల మీద చేశారా, బుట్ట మీదా?"

దేవసహాయం తడబడ్డారు. "బుట్ట మీదేనమ్మా. ఉన్నదంతా అన్నాను కదా."

"బుట్టలో తల్లి కూడా ఉంది."

"అది అర్పణ కాదు," అన్నాడు ఆర్థర్. "పిల్లకి తోడుగా వచ్చింది."

వెనక నుంచి రోసమ్మ లేచింది. ముసలి విధవరాలు, నోరు పెద్దది. "నా ఇత్తడి పళ్ళెం కూడా అరటిపళ్ళకి తోడుగానే వచ్చింది నాయనా. తిరిగిమ్మంటే, ప్రార్థన అయ్యాక ప్రభువుదే, రూలు రూలే అన్నది ఎవరు? సెక్రటరీ గారు కాదూ? మా అత్తగారి పళ్ళెం ఇప్పుడు ఎవరింట్లోనో ఉంది."

"పళ్ళెమూ కుక్కా ఒకటేనా పిన్నీ?"

"స్టేషన్లో చట్టం ప్రకారం నీ కుక్క నీ సామానే," అంది జ్ఞానమణి. "ఇక్కడ మాత్రం సామాను ఎట్లా కాకుండా పోయింది?"

ఎవరో నవ్వారు. నోవహు బుట్ట అందుకుని గుడ్డ తీసేశాడు. ఏదో హాస్యం ఆడబోయి ఆగిపోయాడు.

తెల్లవ్వ ఎండలోకి చూసింది. బొచ్చు రాలి వీపు గులాబీ రంగు చర్మం. పొదుగు కిందికి జారి ఉంది. జాలీ మీద నిలబడి నిలబడి వేళ్ళు విడిపోయి బాతు పాదాల్లా ఉన్నాయి. ఏటా ముద్దాడిన పిల్లలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ చర్చి అప్పుడు చూసింది. ఒకావిడ తన కూతురి మొహం కొంగులో దాచుకుంది.

"తల్లికి పాట ఎవరిది?" అన్నాడు నోవహు, చిన్న గొంతుతో.

జ్ఞానమణి చెయ్యెత్తింది. ఇంకెవరూ పోటీకి రాలేదు. ఆమె చెప్పిన మొదటి మాటకే ఆయన గంట కొట్టేశాడు. పిల్లను విడిగా పాడి కొన్న వాళ్ళు కూడా, పాలు మానేదాకా నీ దగ్గరే ఉంచమ్మా అని దాన్ని తిరిగి బుట్టలో పెట్టారు.

సాయంత్రం గేటు చప్పుడైంది. ఆర్థర్. తువ్వాలులో మూడు పిల్లలు, సన్నగా ఏడుస్తున్నాయి.

"సీసాతో పట్టించాం అక్కా. తాగడం లేదు. ఇట్లాగే ఉంటే తెల్లారేసరికి..."

ఆమె వాటిని చూసింది. ఇప్పుడు బేరం ఆడొచ్చు. షెడ్డు తెరువు, బోనులు విప్పు, అప్పుడు పాలు అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. పిల్లల ఆకలి మీద బేరమాడితే ఆ షెడ్డుకూ తన ఇంటికీ తేడా ఏముంది?

"ఇలా ఇయ్యి," అంది. "కానీ విను. రేపు పశువుల డాక్టరు వస్తున్నాడు. ఆయన రాసిచ్చింది పట్టుకుని స్టేషనుకి పోతాను. రోసమ్మ దస్కతు పెడతానంది, నోవహు పెడతానన్నాడు. ఇందులో దాపరికం లేదు."

"యాభై రూపాయలేగా అక్కా," అన్నాడు ఆర్థర్, కానీ ఆ మాటలో బలం లేదు.

"అవును. రెండోసారి నేరమైతే యాభైతో పోదు. మూడోసారికి కూడా నేనే వస్తాను."

వరండాలో గోనెపట్టా మీద తెల్లవ్వ పక్కకు ఒరిగి ఉంది. పిల్లలు పాకుతూ వెళ్ళి కరుచుకున్నాయి. పాలు తాగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. చీకటి పడుతూ, మొక్కలు, గోడ, గేటు దగ్గర నిలబడిన మనిషి, అన్నీ ఒకే రంగులోకి కరుగుతున్నాయి. తెల్లవ్వ కళ్ళు మూసింది. కాసేపటికి దాని కాళ్ళు నాలుగూ గాలిలో కదలడం మొదలెట్టాయి, ముందు ఆగి ఆగి, తరవాత వేగంగా.

"ఏమైంది దానికి? ఫిట్సా?" అన్నాడు ఆర్థర్ కంగారుగా.

"పరుగెడుతోంది," అంది జ్ఞానమణి. "లేపకు."